రాళ్లలో నీళ్ల లెక్క చదివిన పావెల్

1869 మే 24న అమెరికాలోని వయోమింగ్‌లో నాలుగు పడవలు, పదిమంది మనుషులు గ్రీన్ నదిలోకి దిగారు. నాయకుడు జాన్ వెస్లీ పావెల్. వయసు 35, కుడిచెయ్యి లేదు. ఏడేళ్ల కిందట అంతర్యుద్ధంలో, షైలో పోరులో గుండు తగిలితే తీసేశారు. మతబోధకుడి కొడుకైన పావెల్ డిగ్రీ పూర్తి చేయకుండానే యుద్ధం తర్వాత ఇల్లినాయ్‌లో భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పారు. గ్రీన్ నది కొలరాడోలో కలిసి, ఎడారి పీఠభూమిని కోసుకుంటూ వెళ్లే దారి అప్పటి పటాల్లో ఖాళీగా ఉండేది. ఆ ఖాళీని నింపడమే యాత్ర ఉద్దేశం.

రెండు వారాలకే ఒక పడవ రాళ్లకు కొట్టుకుని బద్దలైంది. అందులోని తిండి సామాను పోయింది. పావెల్ దిగులంతా బారోమీటర్ల మీదే. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు లెక్కగట్టే ఆ పరికరాలు లేకపోతే రాతి పొరల కొలత కుదరదు. మర్నాడు మునిగిన పడవలోంచి వాటిని వెలికి తీశారు. ఒంటిచేత్తోనే కొండచరియలు ఎక్కి కొలతలు తీసేవారాయన. ఒకసారి దిగలేక, ఎక్కలేక వేలాడుతుంటే, పైనున్న సహచరుడు జార్జ్ బ్రాడ్లీ తాడు లేక తన లోదుస్తు విప్పి కిందికి జార్చి లాగాడు.

గ్రాండ్ కాన్యన్ గోడల్లో పై అంచున సున్నపురాయి, దాని కింద ఇసుకరాయి, షేల్ పొరలు వరసగా ఉంటాయి. అట్టడుగున నల్లటి రూపాంతర శిల. తర్వాత దానికి విష్ణు షిస్ట్ అన్న పేరు స్థిరపడింది. పావెల్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డటన్‌కు అక్కడి శిఖరాలకు విష్ణు, శివ ఆలయాల పేర్లు పెట్టడం సరదా. పై పొర వయసు సుమారు 27 కోట్ల ఏళ్లు, అడుగు శిలది 170 కోట్ల పైచిలుకు. చాలాచోట్ల ఈ శిల మీద నేరుగా 50 కోట్ల ఏళ్లనాటి ఇసుకరాయి కూర్చుంది. మధ్యలో వందకోట్ల ఏళ్లకు పైగా చరిత్ర మాయం. వయసులు లెక్కగట్టే పద్ధతి అప్పటికి లేదు. అయినా అక్కడ ఒక పాత భూమి కోసుకుపోయి, సముద్రం కింద మునిగి, దాని మీద కొత్త పొరలు పేరుకున్నాయని పావెల్ గ్రహించారు.

యింటా పర్వతాలను గ్రీన్ నది చుట్టి పోకుండా మధ్యగా చీల్చడం ఆయన్ను ఆలోచింపజేసింది. నది ముందే ఉంది, కింద నేల పైకి లేస్తుంటే అది కోసుకుంటూ పోయిందన్నారు. ఇలాంటివాటికి పూర్వవర్తి నదులని పేరు. తర్వాతి పరిశోధకులు యింటా విషయంలో ఈ వివరణను ఒప్పుకోలేదు గానీ, హిమాలయాలను చీల్చుకొచ్చే సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్రలకు మన పాఠ్యపుస్తకాలు చెప్పేది అదే.

ఆగస్టు 28న, పాచిపట్టిన పిండి, కాఫీ తప్ప తిండి లేని స్థితిలో, ముందు భీకరమైన సుడులు చూసి ముగ్గురు సహచరులు గట్టెక్కి కాలినడకన వెళ్లిపోయారు. వాళ్లు మళ్లీ కనబడలేదు. చంపిందెవరన్న వివాదం ఇప్పటికీ తెగలేదు. మిగిలినవాళ్లు రెండు రోజుల్లోనే క్షేమంగా బయటపడ్డారు.

పావెల్‌కు పేరొచ్చింది యాత్రతో. కానీ ఆయన అసలు పని 1878 నాటి నివేదిక. నూరో రేఖాంశానికి పడమట ఏటా 20 అంగుళాల లోపే వాన, కాలువ నీళ్లు లేకుండా సేద్యం సాగదు, 160 ఎకరాల చొప్పున భూమి పంచే చట్టం అక్కడ పనికిరాదు అన్నారు. పరిపాలన హద్దులు నదీ పరీవాహకాలను బట్టి ఉండాలన్నది ఆయన ఆలోచన. భూముల వ్యాపారులకు ఇది రుచించలేదు. 1881 నుంచి అమెరికా భూగర్భ సర్వే సంస్థకు అధిపతిగా ఉన్నా, సాగునీటి సర్వేకు 1890లో కాంగ్రెస్ నిధులు కోసేసింది. 1893లో లాస్ ఏంజెలెస్ సాగునీటి మహాసభలో, ఉన్న భూమికి సరిపడా నీళ్లు లేవని తేల్చి చెబితే జనం గేలి చేశారు. మరుసటి ఏడాది పదవి వదిలేశారు. 1902లో మెయిన్ రాష్ట్రంలో మరణించారు.

ఇరవై ఏళ్ల తర్వాత, 1922లో, రాష్ట్రాలు కొలరాడో నీళ్లను పంచుకున్నాయి. నది సగటున మోసే నీటి కంటే ఎక్కువ కాగితం మీద రాసుకున్నాయి. 1963లో గ్లెన్ కాన్యన్‌కు అడ్డంగా ఆనకట్ట లేచింది. ఆ లోయకు పేరు పెట్టింది పావెలే, నీట ముంచిన జలాశయానికి పెట్టింది ఆయన పేరే. 2023 ఆరంభంలో అందులో నీళ్లు నాలుగో వంతు కూడా లేవు. మునిగిన ఇసుకరాతి గోడలు మళ్లీ పైకి తేలాయి.