కానరాని పదార్థాన్ని లెక్కగట్టిన జ్విక్కీ

రామనగుడ ప్రాంతం ఇంకా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉన్న రోజులవి. 1933లో, ఆకాశంలో కంటికి కానరాని పదార్థం ఉన్నదని ఒక శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పారు. ఆయనే ఫ్రిట్జ్ జ్విక్కీ.

జ్విక్కీ 1898 ఫిబ్రవరి 14న బల్గేరియాలోని వార్నా నగరంలో జన్మించారు. తండ్రి స్విట్జర్లాండు దేశీయుడు. ఆరేళ్ల ప్రాయంలోనే తల్లిదండ్రులను విడిచి, చదువు నిమిత్తం స్విట్జర్లాండులోని తాతగారింటికి చేరారు. జూరిచ్‌లో భౌతికశాస్త్రం అభ్యసించి, 1925లో అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థకు వెళ్లి అక్కడే స్థిరపడ్డారు.

కోమా అనే గెలాక్సీల గుంపును పరిశీలిస్తూ ఆయన ఒక వింతను గమనించారు. అందులోని గెలాక్సీలు సెకనుకు సుమారు 1,000 కిలోమీటర్ల వేగంతో సంచరిస్తున్నాయి. చేను కావలివాడు వడిసెల తిప్పేటప్పుడు తాడు గట్టిది కాకుంటే రాయి ఎగిరిపోతుంది. అట్లే, కంటికి కనిపించే పదార్థపు ఆకర్షణ ఒక్కటే ఉన్నట్లయితే ఆ గుంపు ఏనాడో చెదరిపోవలసింది. కనుక కానరాని పదార్థమేదో దానిని పట్టి ఉంచుతున్నదని ఆయన తేల్చారు. దానికి కృష్ణపదార్థమని పేరు.

ఆ మాటను నాడు పట్టించుకున్నవారు తక్కువ. ఆయన ముక్కుసూటితనం, ముంగోపం తోటివారిని దూరం చేశాయి. అయినా మనసు మెత్తనిది. రెండవ ప్రపంచ యుద్ధంలో ధ్వంసమైన గ్రంథాలయాలకు ఆయన పుస్తకాలు సేకరించి పంపారు.

1970 నుంచి వేరా రూబిన్ ప్రభృతులు గెలాక్సీల భ్రమణాన్ని కొలవడంతో కృష్ణపదార్థంపై నమ్మకం బలపడసాగింది. శాస్త్రలోకం దానిని పూర్తిగా అంగీకరించకముందే, 1974 ఫిబ్రవరి 8న జ్విక్కీ కన్నుమూశారు. ఆయన వేసిన అంకె మరీ హెచ్చని తరువాత తేలింది గాని, పద్ధతి మాత్రం నిలిచింది.

ఈ పదార్థం ఎట్లా పుట్టింది? 1,380 కోట్ల ఏళ్ల క్రితం, విశ్వం ఆవిర్భవించిన తొలి క్షణాల మహోష్ణంలో కొన్ని కణాలు పుడుతూ, పరస్పరం ఢీకొని నశిస్తూ ఉండేవని ఒక సిద్ధాంతం. విశ్వం వ్యాపించి చల్లారగా, కొత్త కణాల పుట్టుక ఆగింది. తిరునాళ్ల జనం చెదిరిన పిదప ఒకరికొకరు ఎదురుపడనట్లు, ఉన్న కణాలు తారసపడక మిగిలిపోయాయట. ఆ కణం ఇంతవరకు ఎవరికీ చిక్కలేదు. సాధారణ పదార్థానికి సుమారు ఐదింతలున్న ఈ కృష్ణపదార్థమే ముందుగా గుమిగూడి, తక్కినదానిని ఆకర్షించి, గెలాక్సీలకు పునాది వేసిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

కనిపించనంత మాత్రాన లేదనరాదు, ఉన్నదనాలంటే లెక్క చూపాలి. ఒంటరిగా నిలిచి లెక్క చూపినవారు జ్విక్కీ.