కరువునాటి కాలువ: ఒంగోలు క్లౌ దొర జీవితం

ధాత, ఈశ్వర నామ సంవత్సరాలు తెలుగు పల్లెలు చిరకాలం మరువలేకపోయిన సంవత్సరాలు. 1876లో వానలు మొగము చాటు చేసినవి. మరుసటి ఏడూ అంతే. చెరువులు నెఱ్ఱెలు విచ్చినవి. గాదెలు అడుగంటినవి. పశువులు కట్టుకొయ్యల వద్దనే కూలినవి. చెన్నరాజధానిలో లక్షలాది ప్రజ ఆకలికి, ఆకలి వెంట వచ్చిన వ్యాధులకు బలియైనది. పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. అప్పటికి నెల్లూరు జిల్లాలో చేరియున్న ఒంగోలు తాలూకాలో ఆ కరువును తలచుకొన్నవారు ఒక విదేశీయుని పేరును కూడా తలచుకొనేవారు. ఆయన రాజోద్యోగి కారు, ధనికుడు కారు. భూమి కొలత నేర్చి మతబోధకుడైన జాన్ ఎవరెట్ క్లౌ.

ఆయన కథకు పూర్వరంగం విశాఖపట్నం తీరంలో ఉన్నది. 1805లో లండన్ మిషనువారు అక్కడికి వచ్చి తెలుగు నేర్చి, సువార్తలను తెలుగు చేయుటకు పూనుకొన్నారు. తొలుత వచ్చిన క్రాన్, డెగ్రాంజి అనే ఇరువురూ 1810 ముగిసేలోపుననే మరణించినారు. 1836లో అమెరికా బాప్టిస్టు సంఘం పంపిన శామ్యూల్ డే దంపతులు అదే రేవున దిగినారు. వారు శ్రీకాకుళంలోను, చెన్నపట్నంలోను కొంతకాలం గడపి, 1840లో నెల్లూరులో స్థిరపడినారు. తరువాత ఇరువదేండ్లు శ్రమించినా అక్కడ మతం పుచ్చుకొన్నవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందే. ఫలితం లేని ఆ పనిని మూసివేయుదమా అని అమెరికాలోని పెద్దలు పలుమార్లు ఆలోచించినారు. డే తరువాత ఆ భారం మోసిన లైమన్ జూయెట్ మాత్రం అందుకు ఒప్పుకొనలేదు. సంఘం విడిచిపెట్టినా తాను ఒంటరిగానైనా తెలుగువారి మధ్యనే బ్రతికి, అక్కడనే చనిపోదునని ఆయన తేల్చి చెప్పినారు. ఆయనకు తోడుగా సంఘం పంపిన మనిషియే క్లౌ.

డే దంపతులు విశాఖలో దిగిన 1836వ సంవత్సరముననే, జూలై 16వ తేదీన, న్యూయార్కు రాష్ట్రంలో క్లౌ జన్మించినారు. బాల్యంలోనే ఆ కుటుంబం పడమటి ప్రాంతాలకు తరలిపోయినది. యౌవనారంభంలో ఆయన మిన్నెసోటా అడవులలో ప్రభుత్వ సర్వే బృందంతో తిరిగి, గొలుసు పట్టి నేల కొలుచుట నేర్చినారు. న్యాయవాది కావలెనని ఆయన కోరిక. మతమన్నచో ఆయనకు అప్పుడు ఆదరం లేదు. చదువుకొనే చోట తన గదిలోని సహాధ్యాయి ప్రతిరాత్రి ప్రార్థించుట చూచి విసుగుకొని, గది నడుమ సుద్దగీత గీచి, ఆ భక్తిని గీతకు ఆవల ఉంచుకొమ్మన్నారట. కొంతకాలానికి ఆ గీతను దాటి స్నేహితుని ప్రక్కన మోకరిల్లినది క్లౌయే. 1864లో ఆయన భార్య హారియట్‌తో ఓడ ఎక్కి, మరుసటి ఏట తెలుగు నేల చేరినారు. 1866లో ఒంగోలు ఆయన నివాసమైనది. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనమండుగురు.

ఒంగోలులో ఆయనకు మొదటి పరీక్ష కరువు కాదు, కులం. ఊరిలోని పైకులాలవారు కొందరు ఆయన బోధను శ్రద్ధగా వినసాగినారు. అదే సమయాన తాళ్లకొండపాడుకు చెందిన యెఱ్ఱగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద వచ్చినారు. తోళ్ల వ్యాపారంపై ఉత్తరానికి పోయినప్పుడు ఏలూరు ప్రాంతంలో క్రీస్తు కథ విని, దానిని హృదయంలో పదిలపరచుకొని ఇంటికి తెచ్చుకొన్న జ్ఞాని ఆయన. ఆయన వెంట ఆయన జనం కదలినారు. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని పైకులాలవారు స్పష్టం చేసినారు. పలుకుబడి గలవారా, పేదలా? క్లౌ దంపతులు వేర్వేరు గదులలో, ఒకరికి తెలియకుండ ఒకరు బైబిలు తెరచినారు. ఇరువురికీ ఎదురైనది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం. లోకం తక్కువగా చూచినవారినే దేవుడు ఏర్పరచుకొన్నాడని దాని భావం. వారి సందేహం తీరినది. ఆ జనవరిలోనే తాళ్లకొండపాడులో ఇరువది ఎనిమిదిమంది బాప్తిస్మం పొందినారు.

పది సంవత్సరాలకు కరువు వచ్చినది. దాని మొదటి దెబ్బ తగిలినది ఈ పేదలకే. వారికి భూమి లేదు, గాదె లేదు. రైతుకు పంట లేనప్పుడు వారికి గింజ పెట్టువారు లేరు. చెన్నపట్నం నుండి కృష్ణా డెల్టా వరకు తీరం వెంట సాగవలసిన జలమార్గంలో మిగిలిన భాగాన్ని ప్రభుత్వం కరువు పనిగా త్రవ్వింప పూనుకొన్నది. నాటి గవర్నరు పేర అది బకింగ్‌హామ్ కాలువగా ప్రసిద్ధమైనది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టుకు తీసుకొన్నారు. మిన్నెసోటా అడవులలో నేర్చిన కొలతవిద్య ఒంగోలు తీరాన అక్కరకు వచ్చినది. రాజుపాలెం వద్ద పాకలు లేచినవి. ఆయన ఉపదేశకులే మేస్త్రీలైనారు. వేలమంది గడ్డపార పట్టి, తట్టలు మోసి, చేసిన పనికి కూలి తీసుకొన్నారు. అలసి కూర్చున్నప్పుడు ఆ మేస్త్రీలే, భారం మోయువారికి విశ్రాంతి నిచ్చెదనన్న క్రీస్తును గూర్చి చెప్పేవారు. నెత్తిమీద మట్టితట్ట మోయువానికి ఆ మాటకు అర్థం వివరించ నక్కరలేదు.

వేలమంది బాప్తిస్మం కోరినారు. క్లౌ ఇవ్వలేదు. కూటికొరకు మతం మారినారను నింద వారికి రాకూడదని, కూలియు సహాయమును అందుచున్నంతకాలం, అనగా పదునైదు నెలలు, ఆయన ఒక్కరికిని బాప్తిస్మ మివ్వలేదు. ఆయన జీవితంలో ఇంతకంటే కఠినమైన నిర్ణయం లేదు. ఆ నెలలలో అడిగినవారు ఎందరో అది పొందకయే మరణించి యుందురు. 1878 నడిమికి సహాయం ముగిసినది. ఇక ఇచ్చుటకు ధనం లేదని ఆయన చెప్పినారు. అయినను జనం పోలేదు, రాసాగినారు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్లలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వద్ద వారిని సమావేశపరచినారు. జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది ఆ నదిలో బాప్తిస్మం పొందినారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్క పర్యాయం ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి ఆ కార్యం నెరవేర్చినారు. క్లౌ ఆనాడు స్వయంగా ఎవరికిని బాప్తిస్మ మివ్వలేదు. జూన్ నడిమి నుండి జూలై ముగిసేవరకు ఆ సంఖ్య 8,691కి చేరినది.

ఇది అంతయు ఆకలి చేసిన పని అని ఆక్షేపించినవారు కలరు. మానవహృదయంలో అన్నాన్ని, ఆశను పూర్తిగా విడదీసి చూపుట ఎవరి తరమూ కాదు. కాని కరువు తీరి వానలు కురిసిన పిదప కూడ వారు వెనుకకు మరలలేదన్నది చరిత్ర. కొత్త మతం వారికి సుఖాన్ని తేలేదు. చచ్చిన పశువుల మాంసం మానుట, ఆదివారం పని మానుట, గ్రామదేవతల కొలువులో పాల్గొనకుండుట అను నియమాలు పాటించినందుకు ఊరి పెద్దల ఆగ్రహానికి గురికావలసి వచ్చినది. అయినను తామును దేవుని లెక్కలోని మనుష్యులమే అన్న నమ్మకం వారిని నిలబెట్టినది. ఆ నమ్మకం వెంట బడి వచ్చినది. తరతరాలుగా అక్షరం ఎరుగని వాడలలో బిడ్డలు పలకలు పట్టినారు.

1910 నవంబరు 24న అమెరికాలోని రాచెస్టరులో క్లౌ మరణించినారు. ఆయన త్రవ్వించిన కాలువలో నేడు సరకుల పడవలు తిరుగుట లేదు. చాలచోట్ల అది పూడిపోయినది. దానిని త్రవ్వినవారి మునిమనుమలు పలువురు నేడు తెలుగునాట బడులలో పిల్లలకు పాఠాలు చెప్పుచున్నారు.