డన్‌లప్ కథ: టైరు మీద ఆయన పేరు.. కంపెనీ మాత్రం ఆయనది కాదు! ప్రపంచాన్ని గాలి మీద నడిపించిన పశువుల డాక్టర్

హైలైట్స్:
- కొడుకు సైకిల్ కుదుపులు తగ్గించడానికి 1887లో చేసిన ప్రయోగం
- పేటెంట్ వచ్చిన రెండేళ్లకే చెల్లదని తేలింది.. 40 ఏళ్ల ముందే ఇంకొకరి పేరు మీద ఉంది
- కంపెనీ విలువ లక్షల పౌండ్లు దాటింది.. అప్పటికి ఆయన బోర్డులోనే లేరు

సైకిల్ టైరు మీద డన్‌లప్. ట్యూబ్ వాల్వు పేరు డన్‌లప్. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు మెత్తటి పరుపును ఇప్పటికీ డన్‌లప్ పరుపు అనే అంటారు. ఇంతకీ ఈ డన్‌లప్ ఎవరు? చాలామంది ఇదేదో కంపెనీ పేరు అనుకుంటారు. కాదు.. ఒక మనిషి పేరు. పూర్తి పేరు జాన్ బాయిడ్ డన్‌లప్. ఆయన ఇంజినీర్ కాదు, సైకిల్ మెకానిక్ అంతకన్నా కాదు. పశువుల డాక్టర్!

రాచర్ల, గిద్దలూరు, మార్కాపురం వైపు సైకిల్ తొక్కినవాళ్లకు పంచర్ బాధ కొత్త కాదు. పొలం బాట పట్టామంటే పల్లేరు కాయో, తుమ్మముల్లో ఎక్కడో ఒకచోట దిగుతుంది. షాపులో ట్యూబ్ బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తారు. గీకి, సొల్యూషన్ రాసి, ప్యాచ్ వేస్తారు. కాసేపట్లో అయిపోయే పని. అసలు టైరులో గాలి అనేదే లేని రోజుల్లో ఈ పంచర్లూ లేవు. కానీ అప్పట్లో సైకిల్ ఎక్కితే నడుము విరిగేది!

నెలలు నిండకుండా పుట్టిన పిల్లాడు

డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండ్‌లోని డ్రెగ్‌హార్న్ అనే ఊళ్లో పుట్టారు. వ్యవసాయ కుటుంబం. నెలలు నిండకముందే పుట్టడంతో తనది సున్నితమైన ఆరోగ్యమని జీవితాంతం జాగ్రత్తగా ఉండేవారట. కానీ చదువులో మాత్రం ఫాస్ట్. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివి, 19 ఏళ్లకే డాక్టర్ అయిపోయారు.

దాదాపు పదేళ్లు అక్కడే ప్రాక్టీస్ చేశాక 1867లో సముద్రం దాటి ఐర్లాండ్ వెళ్లారు. మొదట డౌన్‌ప్యాట్రిక్, ఆ తర్వాత బెల్‌ఫాస్ట్. 1880ల నాటికి ఐర్లాండ్‌లోనే పెద్ద పశువైద్యశాలల్లో ఆయనదీ ఒకటి. అప్పట్లో బండ్లన్నీ గుర్రాల మీదే నడిచేవి కాబట్టి గుర్రాల డాక్టర్‌కి గిరాకీ గురించి చెప్పక్కర్లేదు. 1871లో మార్గరెట్ స్టీవెన్‌సన్‌తో పెళ్లయింది. ఒక కూతురు, ఒక కొడుకు. కథంతా మలుపు తిరిగింది ఆ కొడుకు వల్లే.

మూడు చక్రాల సైకిల్.. రాళ్ల రోడ్డు

బెల్‌ఫాస్ట్ వీధులకు గ్రానైట్ రాళ్లు పరిచి ఉండేవి. కొడుకు జానీ మూడు చక్రాల సైకిల్ మీద ఆ రోడ్ల మీదే తిరిగేవాడు. చక్రాలకు గట్టి రబ్బరు. రాయి తగిలిన ప్రతిసారీ చక్రం మొత్తం పైకి లేచి కింద పడుతుంది. ఆ దెబ్బంతా తొక్కేవాళ్ల ఒంటికే.

పశువైద్యంలో రబ్బరు వాడిన అనుభవం డన్‌లప్‌కి ఉంది. 1887 అక్టోబర్‌లో ఇంటి పెరట్లోనే ప్రయోగం మొదలెట్టారు. పల్చటి రబ్బరు షీటుతో ఒక ట్యూబ్ చేసి, ఒక చెక్క చక్రం చుట్టూ బిగించి, ఫుట్‌బాల్‌కి గాలి కొట్టే పంపుతో గాలి నింపారు. తర్వాత ఆ చక్రాన్ని, జానీ సైకిల్ నుంచి ఊడదీసిన మామూలు చక్రాన్ని పక్కపక్కనే దొర్లించి చూశారు. మామూలు చక్రం కాస్త దూరం వెళ్లి ఆగిపోయింది. గాలి చక్రం మాత్రం పెరడంతా దాటుకుంటూ వెళ్లి గేటు స్తంభానికి గుద్దుకుని వెనక్కి వచ్చింది.

ఎందుకిలా? గట్టి చక్రం రాయి ఎక్కాలంటే చక్రం మొత్తం లేవాలి. ఉన్న ఊపులో కొంత అక్కడే ఖర్చవుతుంది. గాలి ఉన్న టైరు అయితే రాయి తగిలిన చోట మాత్రమే లోపలికి నొక్కుకుని మళ్లీ యథాస్థితికి వస్తుంది. కుదుపు తగ్గుతుంది, ఊపు మిగులుతుంది. అంటే మెత్తదనం ఒక్కటే కాదు, స్పీడు కూడా!

జానీ సైకిల్ వెనక చక్రాలు రెండింటికీ ఈ టైర్లే వేశారు. ఆ తర్వాత పెద్ద సైకిల్‌కి కూడా వేసి, దక్షిణ బెల్‌ఫాస్ట్‌లోని ఒక మైదానంలో టెస్ట్ చేశారు. 1888 డిసెంబర్ 7న పేటెంట్ వచ్చింది.

నవ్విన జనం.. నాలుగు రేసుల తర్వాత సైలెంట్

కొత్త టైర్లు చూడ్డానికి లావుగా, వింతగా ఉండేవి. జనం నవ్వేవాళ్లు. అయితే విల్లీ హ్యూమ్ అనే బెల్‌ఫాస్ట్ సైక్లిస్ట్ మాత్రం ఈ టైర్లున్న సైకిల్ కొన్నాడు. 1889 మే 18న క్వీన్స్ కాలేజీ మైదానంలో జరిగిన పోటీల్లో నాలుగుకి నాలుగు రేసులూ అతనే గెలిచాడు. తర్వాత లివర్‌పూల్ వెళ్లి అక్కడ కూడా ఒక్కటి తప్ప అన్నీ కొట్టేశాడు. అంతే.. నవ్వులు ఆగిపోయాయి.

ఈ గెలుపును గమనించిన వ్యక్తి హార్వే డు క్రో. డబ్లిన్ వ్యాపారి, ఐర్లాండ్ సైక్లిస్టుల సంఘం అధ్యక్షుడు. ఆయన కొడుకులు కూడా రేసర్లే. 1889లోనే డబ్లిన్‌లో కంపెనీ పెట్టారు. పశువైద్యం నుంచి రిటైర్ అవుదామనుకుంటున్న డన్‌లప్ తన పేటెంట్‌ను డు క్రోకి రాసిచ్చేశారు. బదులుగా వచ్చింది కంపెనీలో 1,500 షేర్లు.

అసలు ట్విస్ట్ ఇక్కడే

పేటెంట్ వచ్చిన రెండేళ్లకు అధికారుల నుంచి పిడుగులాంటి కబురు వచ్చింది. ఈ పేటెంట్ చెల్లదు! ఎందుకంటే గాలి టైరు ఆలోచన అప్పటికే పేటెంట్ అయి ఉంది. చేసింది రాబర్ట్ విలియం థామ్సన్. ఆయనది కూడా స్కాట్లాండే. 1845లో, అంటే డన్‌లప్ ఐదేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడే, 23 ఏళ్ల థామ్సన్ దీనికి పేటెంట్ తీసుకున్నారు. గుర్రపు బండ్లకు తగిలించి లండన్‌లో నడిపి చూపించారు కూడా. కానీ అప్పటికి మామూలు జనం తొక్కే సైకిళ్లు లేవు, మంచి పల్చటి రబ్బరు చవగ్గా దొరికేది కాదు. దాంతో ఆ ఆలోచన మరుగున పడిపోయింది. థామ్సన్ 1873లోనే చనిపోయారు.

డన్‌లప్‌కి థామ్సన్ సంగతి తెలియదు. సొంతంగానే కనిపెట్టారు. కానీ పేటెంట్ చట్టానికి అది అనవసరం. ముందు ఎవరు నమోదు చేశారన్నదే లెక్క.

మరి కంపెనీ ఎలా బతికింది? ఇక్కడ మళ్లీ పంచర్ దగ్గరికి రావాలి. డన్‌లప్ మొదటి టైర్లు చక్రానికి అతికించేసి ఉండేవి. పంచర్ పడితే మొత్తం ఊడదీయడం పెద్ద తలనొప్పి. 1890లో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్, విలియం బార్ట్‌లెట్ అనే ఇద్దరు వేర్వేరుగా, రిమ్ నుంచి తేలిగ్గా తీసి మళ్లీ వేసుకునే టైర్లకు పేటెంట్లు తీసుకున్నారు. డు క్రో ఆ హక్కులు కొనేశారు. ఈరోజు టైరు లివర్లు పెట్టి టైరు ఊడదీసే పద్ధతికి మూలం అదే. గాలి లోపలే నిలిచే వాల్వు విషయంలో కూడా అంతే. దాన్ని పనికొచ్చేలా చేసింది వుడ్స్ అనే ఆయన. పేరు మాత్రం డన్‌లప్ వాల్వు అనే నిలిచిపోయింది.

డబ్బు ఎవరికి వెళ్లింది?

1890లలో యూరప్, అమెరికాలను సైకిల్ పిచ్చి ఊపేసింది. ఆడవాళ్లు, ఉద్యోగులు, కార్మికులు.. అందరూ సైకిల్ ఎక్కారు. టైర్ల కంపెనీకి కాసుల వర్షం. 1896లో డు క్రో ఈ కంపెనీని టెరా హూలీ అనే ఫైనాన్షియర్‌కి 30 లక్షల పౌండ్లకు అమ్మారు. కొద్ది నెలల్లోనే హూలీ అదే కంపెనీని 50 లక్షల పౌండ్లకు మార్కెట్లో పెట్టారు.

డన్‌లప్ మాత్రం 1890ల మధ్యలోనే బోర్డు నుంచి తప్పుకున్నారు. డబ్లిన్‌లో బట్టల వ్యాపారం చూసుకుంటూ గడిపారు. కష్టాల్లో లేరు కానీ, కనిపెట్టినదాని వల్ల పెద్ద ఆస్తిపరుడూ కాలేదు.

ఇంకో చీకటి కోణం కూడా ఉంది. టైర్లకు రబ్బరు కావాలి. ఆ డిమాండ్‌తోనే బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ చేతిలో ఉన్న కాంగోలో రబ్బరు కోసం జనాన్ని చిత్రహింసలు పెట్టారు. లక్షల మంది ప్రాణాలు పోయాయి. బెల్‌ఫాస్ట్ పెరట్లో ప్రయోగం చేసిన డాక్టర్‌కి ఇందులో పాత్ర లేదు. కానీ మెత్తటి ప్రయాణం వెనక ఆ రక్తం ఉందన్నది చరిత్ర.

చివరికి సొంత ముఖం కోసం కోర్టుకు

వయసు మళ్లాక డన్‌లప్‌కి ఇంకో అవమానం ఎదురైంది. కంపెనీ తన యాడ్స్‌లో ఆయన బొమ్మ వాడుకునేది. ఆ బొమ్మలో గడ్డం ఆయనదే, కానీ డ్రెస్సు మాత్రం సోకులరాయుడిలా! పొడవాటి టోపీ, చేతికర్ర.. సాదాసీదాగా బతికిన మనిషికి అది నచ్చలేదు. తన పేరుతోనే నడుస్తున్న కంపెనీ మీద కోర్టుకెక్కారు. కేసు ఎక్కడ విచారించాలన్న వివాదం బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది.

1921 అక్టోబర్ 23న, 81 ఏళ్ల వయసులో డబ్లిన్‌లోని ఇంట్లో డన్‌లప్ కన్నుమూశారు. గాలి టైరు చరిత్ర మీద ఆయన రాసిపెట్టిన పుస్తకం ఆయన పోయాకే బయటికి వచ్చింది.

మన దేశానికి వచ్చిన పేరు

ఆయన పోయిన 15 ఏళ్లకు, 1936లో, పశ్చిమ బెంగాల్ హుగ్లీ జిల్లా సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ మొదలైంది. 1959లో మద్రాసు దగ్గర అంబత్తూరులో ఇంకొకటి. సైకిల్, లారీ, ఎడ్లబండి.. దేశమంతా ఆ టైర్ల మీద తిరిగింది. చెక్క చక్రాల బండి పోయి టైరు బండి వచ్చాక ఎడ్లకూ బరువు తగ్గింది. పశువుల డాక్టర్ కనిపెట్టినదానికి ఇంతకన్నా సరైన వాడకం ఏముంటుంది?

కానీ ఆ కథ కూడా సుఖాంతం కాదు. బ్రిటన్‌లో 1985లో డన్‌లప్‌ను బీటీఆర్ అనే సంస్థ కొనేసింది. ఆ తర్వాత పేరు ముక్కలై వేర్వేరు కంపెనీల చేతుల్లోకి వెళ్లిపోయింది. సాహాగంజ్ ఫ్యాక్టరీ చేతులు మారుతూ, మూతపడుతూ, 2011లో పని ఆగిపోయింది. గేటు బయట మిగిలింది కార్మికులే.

మొత్తంగా చూస్తే.. ఆలోచన ముందు వచ్చింది థామ్సన్‌కి. దాన్ని పనిచేసేలా చేసింది డన్‌లప్. లాభం చూసింది డు క్రో, హూలీ. జనానికి గుర్తున్నది మాత్రం డన్‌లప్ ఒక్కరే. చిన్న షెడ్డులో కొత్త వస్తువు తయారు చేస్తున్న మన కుర్రాళ్లు ఈ కథలోంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. హక్కులు రాసిచ్చే ముందు, అలాంటిది ఇంతకుముందు ఎవరైనా నమోదు చేశారా అన్నది వెతకాలి. ఇప్పుడు ఆ వెతుకులాట ఫోన్‌లోనే అయిపోతుంది. డన్‌లప్ కాలంలో ఆ సౌకర్యం లేదు.

తర్వాతి కాలంలో ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన నార్తర్న్ బ్యాంక్ తన 10 పౌండ్ల నోటు మీద డన్‌లప్ బొమ్మ ముద్రించింది. ఈసారి టోపీ లేదు, చేతికర్ర లేదు. తెల్లటి గడ్డంతో, ఆయన ఎలా ఉండేవారో అలాగే.