గణిత మేధావి రామానుజన్ - మన పిల్లల చదువులు

చురుకైన పిల్లవాడు ఇంట్లో ఉంటే తల్లిదండ్రులకు ఎంత ఆనందమో, వాడిని ఎలా చదివించాలన్నది అంత పెద్ద సమస్య. దేశం విడిచి వచ్చి, కొత్త బడుల పద్ధతులు తెలుసుకుంటూ పిల్లలను పెంచుతున్న మనకు ఈ చింత మరింత ఎక్కువ. ఈ సందర్భంలో శ్రీనివాస రామానుజన్ జీవితాన్ని ఒకసారి స్మరించుకోవడం ఎంతైనా అవసరం.

రామానుజన్ 1887 డిసెంబరు 22న తమిళనాట ఈరోడ్‌లో జన్మించారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తా. 1897లో ప్రాథమిక పరీక్షలో తంజావూరు జిల్లాకే ప్రథముడుగా నిలిచి టౌన్ హైస్కూలులో చేరారు. ఇంట్లో బస ఉన్న కాలేజీ విద్యార్థుల ద్వారా దొరికిన లోనీ త్రికోణమితి గ్రంథాన్ని పదమూడేళ్ళకే ఆకళింపు చేసుకున్నారు. 1903లో కార్ అనే ఆంగ్లేయుడు కూర్చిన పుస్తకం చేతికందింది. అందులో సూత్రాలు వేలకొద్దీ ఉన్నాయిగాని నిరూపణలు అంతంతమాత్రం. ఆ లోటే ఆయనకు గురువయింది. ఒక్కొక్క సూత్రాన్నీ తనంత తానే సాధించుకుంటూ పోయారు. హైస్కూలు వారు ఆ ప్రతిభను గుర్తించి 1904లో గణితంలో బహుమతి ఇచ్చి గౌరవించారు.

అదే సంవత్సరం స్కాలర్‌షిప్‌తో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరారు. కథ అక్కడే అడ్డం తిరిగింది. ధ్యాసంతా గణితం మీదే. ఇంగ్లీషులో తప్పారు, స్కాలర్‌షిప్ పోయింది. ఫీజు కట్టే స్తోమత ఇంటికి లేదు. 1905లో ఎవరికీ చెప్పకుండా మన విశాఖపట్నం వెళ్ళిపోయారు. తర్వాత మద్రాసులో పచ్చయ్యప్ప కళాశాలలో చదివినా ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లూ తప్పారు. గణితంలో సాటిలేని యువకుడు డిగ్రీ లేక, ఉద్యోగం లేక, నోటుపుస్తకాలు చంకన పెట్టుకుని పెద్దల గుమ్మాలెక్కవలసి వచ్చింది.

ఆయనను ఆదుకున్నది నిబంధనలు కావు, మనుషులు. నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు గారు, తాము కూడా గణితాభిమాని కావడంతో, నెలకు 25 రూపాయలు సొంత డబ్బు ఇచ్చి పోషించారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది. 1913 జనవరిలో కేంబ్రిడ్జి ఆచార్యుడు హార్డీకి ఉత్తరం రాశారు. హార్డీ ఆ సూత్రాల విలువ గ్రహించారు. అదే ఏడు మద్రాసు విశ్వవిద్యాలయం, డిగ్రీ లేని ఈ గుమాస్తాకు నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది. 1914లో ఇంగ్లండు వెళ్ళారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. అనారోగ్యంతో 1919లో స్వదేశం చేరి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 32 ఏళ్ళు మాత్రమే.

1905లో పోయిన స్కాలర్‌షిప్‌కు, 1913లో వచ్చిన వేతనానికి నడుమ ఎనిమిదేళ్ళు. అంత చిన్న జీవితంలో అది నాలుగో వంతు. కళాశాల ఆయనను ద్వేషించలేదు, అందరికీ వర్తించే నియమాన్నే ఆయనకూ వర్తింపజేసింది. నష్టం మాత్రం లోకానిది.

ఈనాడు చాలా దేశాలలో ప్రతిభగల పిల్లలకు ప్రత్యేక తరగతులు ఉన్నాయి. సంతోషమే. కాని తరగతి ఒక్కటే చాలదు. పిల్లవాడు ఒక పాఠంలో ఆకాశమంత ఎత్తు ఎదిగి మరొక పాఠంలో వెనుకబడితే, వెనుకబడిన దానికి చేయూత ఇవ్వాలేగాని, ఎదిగిన దానికి అడ్డుకట్ట వేయరాదు. మార్కుల కాగితం చూసి పిల్లలను మందలించే ముందు, ఉపాధ్యాయుల వద్దకు వెళ్ళి ఈ మాట మాట్లాడడం మన విధి. ప్రతి బిడ్డా రామానుజన్ కాకపోవచ్చు. అయితే ఏ బిడ్డకూ ఎనిమిదేళ్ళు వృథా కానక్కరలేదు.