మూడు ఓటముల తర్వాత న్యూయార్క్‌లో

ఆటల పోటీలప్పుడు గోల్ కొట్టిన పిల్లవాణ్ణి భుజాలకెత్తుకుంటాం. వెనక నిలబడి బంతిని ఆపినవాడి పేరు సాయంత్రానికే మరిచిపోతాం. బడిపంతుళ్లం, మేమూ అంతే. ఐర్లండ్ వాళ్లు మాత్రం జాన్ జో ఓ'రైలీని మరిచిపోలేదు.

గేలిక్ ఫుట్‌బాల్ అక్కడివాళ్ల సొంత ఆట. జట్టుకు 15 మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. వలలో పడితే గోల్, అంటే 3 పాయింట్లు. అడ్డకర్ర మీదుగా దాటిస్తే ఆ రోజుల్లో ఒక పాయింటు. మన జిల్లాల్లాంటి కౌంటీలకు తలా ఒక జట్టు. ఆటగాళ్లకు జీతాలుండవు. డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో జరిగే ఫైనల్ వాళ్లకు జాతర లాంటిది.

జాన్ జో 1918లో కావన్ కౌంటీలో పుట్టారు. ఉద్యోగం సైన్యంలో, ఆట రక్షణ వరుసలో. 1937 ఫైనల్లో కెర్రీ మీద కావన్ చివర్లో సాధించిన పాయింటును రిఫరీ ఒప్పుకోలేదు. గెలిచామనుకునే చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. స్కోరు సమం కావడంతో మళ్లీ ఆడారు, ఓడారు. 1943లో రాస్‌కామన్‌తోనూ అదే వరస. 1945లో కార్క్ చేతిలో మరో ఓటమి. ఎనిమిదేళ్లలో మూడు!

1947 ఫైనల్ న్యూయార్క్‌లో పెట్టారు. లక్షల మందిని చంపి, ఇంకెందరినో ఓడలెక్కించిన మహా కరువులో ఘోరమైన ఏడాదికి అప్పటికి నూరేళ్లు. వలస వెళ్లినవాళ్ల ముంగిట్లోకే ఆటను తీసుకెళ్లారన్నమాట. ఐర్లండ్ బయట ఈ ఫైనల్ జరిగింది ఆ ఒక్కసారే. పోలో గ్రౌండ్స్ బేస్‌బాల్ మైదానం. మామూలుకన్నా ఇరుకు, బేస్‌బాల్ కోసం పోసిన మట్టిదిబ్బ అలాగే ఉంది, పైగా ఎండ. ఎదురుగా మళ్లీ కెర్రీయే. ఆరంభంలోనే రెండు గోల్స్ కొట్టేసింది. జాన్ జో కెప్టెన్. జట్టు చెదరలేదు, మెల్లగా కోలుకుంది. పీటర్ డోనహో ఒక్కడే 8 పాయింట్లు చేశాడు. చివరికి కావన్ 17, కెర్రీ 13.

అట్లాంటిక్ ఇవతల జనమంతా రేడియోల దగ్గరే. మాట్లాడుకున్న సమయం అయిపోతుంటే, లైను తెంచవద్దనీ ఇంకో ఐదు నిమిషాలు ఉంచమనీ వ్యాఖ్యాత మైకేల్ ఓ'హేర్ ప్రసారంలోనే బతిమాలుకున్నాడు. ఉంచారు.

1948లోనూ కప్పు అందుకున్నది జాన్ జోయే. మేయో మీద ఒకే ఒక్క పాయింటు తేడా. 1949 ఫైనల్లో మీత్ ఓడించింది. 1952 నవంబరులో, 34 ఏళ్లకే, కర్రా సైనిక ఆసుపత్రిలో ఆయన కన్నుమూశారు.

1984లో శతాబ్ది జట్టునూ, ఆ తర్వాత సహస్రాబ్ది జట్టునూ ఎంచారు. రెండుసార్లూ రక్షణ వరుసలో నడిమి చోటు ఆయనదే.