పూసా నుంచి బొఖారా దాకా: గుర్రాల డాక్టరు మూర్‌క్రాఫ్ట్ జీవితం

మన సంఘం సంచికల్లో సేనానాయకుల గురించీ, పరమవీరచక్ర అందుకున్న వీరుల గురించీ చాలా వ్యాసాలు వస్తుంటాయి. నేను పని చేసింది రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో. మా చేతుల్లో తుపాకీ కన్నా కళ్ళెం, దాణా బకెట్టు, కట్టు కట్టే గుడ్డ ఎక్కువగా ఉండేవి. అందుకని ఈసారి మా పనికి సంబంధించిన ఒక మనిషి కథ చెప్తాను. విలియం మూర్‌క్రాఫ్ట్ చనిపోయి రెండు వందల ఏళ్ళు దాటింది. మానస సరోవరం చూసొచ్చిన తెల్లవాడుగా, లడఖ్‌లో తిరిగిన యాత్రికుడుగా పుస్తకాల్లో ఆయన పేరు కనిపిస్తుంది. అసలు ఆయన వృత్తి పశువైద్యం. ముందు లండన్‌లో గుర్రాల ఆసుపత్రి, ఆ తర్వాత బీహార్‌లో కంపెనీ వారి గుర్రాల ఫారం నడిపాడు. నా వ్యాసం ఆ నడపడం గురించే.

ఆయన 1767లో ఇంగ్లండులోని లంకాషైర్‌లో, ఆర్మ్‌స్కర్క్ అనే ఊళ్ళో పుట్టాడు. మొదట చదివింది మనుషుల వైద్యం, లివర్‌పూల్‌లో సర్జన్ దగ్గర శిష్యరికం. ఆ ప్రాంతంలో పశువులకి పెద్ద జబ్బు వచ్చినప్పుడు దాన్ని చూడటానికి ఇతన్ని పంపారు. మనుషులకి డాక్టర్లు బోలెడు మంది ఉన్నారు, పశువులకి చదువుకున్నవాడు ఒక్కడూ లేడని అప్పుడే తెలిసింది. లండన్‌లో జాన్ హంటర్ అనే పెద్ద సర్జన్ కూడా ప్రోత్సహించాడు. ఇంగ్లండులో అప్పటికింకా పశువైద్య కళాశాల లేదు కాబట్టి 1790లో ఫ్రాన్సులోని లియోన్ వెళ్ళాడు. ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాల అదే. అక్కడ విప్లవం రగులుతున్న రోజులవి. అయినా చదువు పూర్తి చేసి, ఆ విద్యలో పట్టా పుచ్చుకున్న మొదటి ఇంగ్లీషువాడయ్యాడు.

తిరిగొచ్చి లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ వీధిలో ప్రాక్టీసు పెట్టాడు. ఆ రోజుల్లో లండన్ అంతా గుర్రాల మీదే నడిచేది. బండి గుర్రాలు, స్వారీ గుర్రాలు, పందెం గుర్రాలు అన్నీ ఆయన వాకిట్లోకి వచ్చేవి. 1794లో కొత్తగా పెట్టిన లండన్ పశువైద్య కళాశాలకి ఎడ్వర్డ్ కోల్‌మన్‌తో పాటు ఈయన్నీ ప్రొఫెసరుగా వేశారు. కొద్ది వారాల్లోనే వదిలేసి తన ఆసుపత్రికి వచ్చేశాడు. తర్వాత జాన్ ఫీల్డ్ అనే ఆయన్ని భాగస్వామిగా చేర్చుకున్నాడు. ఇది చాలా తెలివైన పని అని నా అభిప్రాయం. మూర్‌క్రాఫ్ట్ బుర్ర ఒక చోట నిలిచేది కాదు. లాడాలు యంత్రంతో తయారు చేయాలని పేటెంట్లు తీసుకుని, అందులో డబ్బు బాగా పోగొట్టుకున్నాడు. ఆ సమయంలో దుకాణం మూత పడకుండా చూడటానికి నిలకడైన మనిషి పక్కన ఒకడు ఉండాలి కదా.

ఆ లాడాల సంగతి నవ్వుకోవాల్సింది కాదు. గుర్రం కుంటిందంటే పదింట ఎన్నో సార్లు తప్పు లాడం కొట్టినవాడిదే. మా యూనిట్‌లో నాల్‌బంద్ మంచివాడైతే డాక్టరుగారికి సగం పని తగ్గేది. మూర్‌క్రాఫ్ట్ 1800లో లాడాలు వేసే పద్ధతుల మీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. పై డాక్టరు ఎంత గొప్పవాడైనా కింద సుత్తి పట్టినవాడికి పని రాకపోతే లాభం లేదని ఆయనకి తెలుసు.

ఈస్టిండియా కంపెనీకి అప్పుడు ఫిరంగులు లాగడానికీ, అశ్వదళానికీ గుర్రాలు చాలడం లేదు. బీహార్‌లోని పూసాలో గుర్రాల ఫారం పెట్టుకున్నారు గానీ అనుకున్నంత రావడం లేదు. ఆ ఫారం మొదలుపెట్టిన కెప్టెన్ ఫ్రేజర్ చనిపోయాక, 1808లో మూర్‌క్రాఫ్ట్‌ని సూపరింటెండెంటుగా తీసుకున్నారు. నలభై ఏళ్ళు దాటిన వయసులో, బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలి ఓడెక్కి వచ్చాడు.

పూసా ఫారం ఒక పెద్ద కాంటోన్మెంటు లాంటిది. మగ గుర్రాలు, ఆడ గుర్రాలు, పిల్లలు, వాటికి సైసులు, గడ్డి కోసేవాళ్ళు, నాల్‌బందులు, గుమాస్తాలు. ఇవి కాక చుట్టుపక్కల జమీందార్ల దగ్గరా రైతుల దగ్గరా కంపెనీ ఆడ గుర్రాలని ఉంచి, పుట్టిన పిల్లని కంపెనీ కొనే ఏర్పాటు ఒకటి. పై నుంచి కలకత్తా బోర్డు వారి ఉత్తరాలు.

మూర్‌క్రాఫ్ట్ మందుల సీసా దగ్గర మొదలుపెట్టలేదు, దాణా దగ్గర మొదలుపెట్టాడు. మన వైపు గుర్రానికి ఉలవలెలాగో అక్కడ శనగలు అలా. ఆయన ఫారం భూముల్లో ఓట్లు పండించాడు. మన దేశంలో ఓట్లు పెద్ద ఎత్తున వేసిన మొదటివాళ్ళలో ఆయన ఒకడు. కొట్టాల్లో గాలీ శుభ్రతా చూశాడు. ఏ గుర్రానికి ఏ జబ్బు వచ్చిందీ, ఏం చేస్తే తగ్గిందీ రాసి పెట్టుకునేవాడు. రాయడం ఆయనకి జబ్బు లాంటిదే, కాగితాలు కట్టలు కట్టలుగా మిగిల్చిపోయాడు. ఖాళీ దొరికితే ఊళ్ళో బీదవాళ్ళకి వైద్యం చేసేవాడు. కంటి శుక్లాలు తీయడంలో ఆయన చెయ్యి మంచిది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను నాయబ్ సుబేదారుగా ఒక కొండ ప్రాంతపు వెటర్నరీ ఆసుపత్రిలో ఉండగా, ఒక కుర్ర డ్రెస్సర్ ఉండేవాడు. కంచరగాడిదలకి కడుపునొప్పి వచ్చిందంటే రాత్రంతా వాటిని నడిపించేవాడు, కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. అలాంటివాడు దొరికాడని వరసగా మూడు రాత్రులు వాడికే డ్యూటీ వేశాను. వాడికి జ్వరంగా ఉందని నాలుగో రోజు పొద్దున వాడు పడిపోయాక గానీ నాకు తెలీలేదు. పశువుల టెంపరేచరు చార్టు రోజూ చూసినవాణ్ణి, మనిషి మొహం చూడలేదు. వాడు బతికాడు గానీ ఆ తప్పు నాదే. మూర్‌క్రాఫ్ట్ చివరి ఏళ్ళ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ కుర్రాడే గుర్తొస్తాడు.

పూసాలో ఎంత బాగు చేసినా మేలు జాతి మగ గుర్రాలు లేకపోతే లాభం లేదని మూర్‌క్రాఫ్ట్ నమ్మాడు. అవి బొఖారా వైపు, తుర్కమాన్ల దగ్గర దొరుకుతాయని విన్నాడు. ఆ మాట తలకెక్కాక ఇక పూసాలో మనసు నిలవలేదు. 1811లో లక్నో, కాశీ వైపు సంతలన్నీ వెతికాడు. 1812లో కెప్టెన్ హియర్సే అనే ఆయనతో కలిసి గోసాయిల వేషం వేసుకుని, నీతి కనుమ దాటి టిబెట్‌లోకి వెళ్ళాడు. కూడా వచ్చిన ఒక పండితుడి పని అడుగులు లెక్కపెడుతూ నడవడం, దూరం కొలవడానికి. మానస సరోవరం చూశారు, శాలువల ఉన్ని ఇచ్చే మేకల్ని సంపాదించారు, గుర్రాలు మాత్రం దొరకలేదు. తిరుగు దారిలో గూర్ఖా పాలకుల మనుషులు పట్టుకుని కొన్నాళ్ళు నిర్బంధించారు. ఇంత జరిగినా ఆయన ఆశ చావలేదు. తన దగ్గర మున్షీగా ఉన్న మీర్ ఇజ్జతుల్లాని ముందుగా బొఖారా దాకా దారి చూసి రమ్మని పంపాడు. ఆయన వెళ్ళి, చూసి, అంతా రాసుకుని తిరిగొచ్చాడు. ఈ పని గురించి చెప్పుకునేవాళ్ళు తక్కువ.

చాలా ఏళ్ళు అడగ్గా అడగ్గా అనుమతి వచ్చింది. 1819 చివర్లో బయల్దేరాడు. జట్టులో జార్జ్ ట్రెబెక్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు, దారి పటాలు గీయడానికి. గుత్రీ అనే వైద్య సహాయకుడు. మీర్ ఇజ్జతుల్లా. బరేలీకి చెందిన గులాం హైదర్ ఖాన్. పన్నెండు మంది గూర్ఖాల కాపలా, ఇంకా నౌకర్లు. కలకత్తా వర్తకుల సరుకు మూటలు కొండలా ఉన్నాయి, గుర్రాలు కొనడానికి వాటిని అమ్మి డబ్బు చేసుకోవాలని. నన్నడిగితే అంత బరువుతో కొండల్లోకి కాన్వాయ్ కదలడమే మొదటి పొరపాటు. ఆగిన ప్రతి చోటా ఆ మూటల మీద కన్ను పడేది, సుంకం అడిగేవారు.

లాహోరులో రంజిత్ సింగ్ మహారాజు తన ఆరోగ్యం గురించి ఈయన్నే సలహా అడిగాడు. కాంగ్రాలో రాజా సంసార్ చంద్ తమ్ముడికి ప్రాణం మీదికొస్తే వైద్యం చేసి నిలబెట్టాడు. ఆ తమ్ముడు కృతజ్ఞతతో తన తలపాగా ఈయనకి పెట్టి, ఈయన టోపీ తను పెట్టుకుని సోదరుణ్ణి చేసుకున్నాడు. 1820 సెప్టెంబరు 24న లేహ్ చేరారు. అక్కడ మొదట అనుమానంగా చూసినవాళ్ళే శుక్లాలు తీసి చూపు ఇచ్చాక వరస కట్టారు. ద్రాస్ దగ్గర పశువుల్ని బలంగా ఉంచే ప్రాంగోస్ అనే మేత మొక్కని చూసి విత్తనాలు ఇంగ్లండుకి పంపాడు. ద్రాస్ అంటే మనలో చాలామందికి 1999 గుర్తొస్తుంది, గడ్డి గుర్తొచ్చేది మా కోర్ వాళ్ళకే. ఆ దారిలోనే 1822లో చోమా అనే హంగరీ పండితుడు ఎదురైతే, టిబెటన్ భాష నేర్చుకోమని పుస్తకం ఇచ్చి ప్రోత్సహించాడు. ఆ చోమాయే తర్వాత టిబెటన్ నిఘంటువు చేశాడు.

కానీ లేహ్‌లో రెండేళ్ళు గడిచిపోయాయి. పైగా ఎవరి ఆజ్ఞా లేకుండా లడఖ్ పాలకులతో వ్యాపార ఒప్పందం చేసుకున్నాడు, రంజిత్ సింగుకి లడఖ్ విషయంలో ఉత్తరం రాశాడు. కలకత్తా వారికి కోపం వచ్చింది. ఒప్పందం మాకు సంబంధం లేదన్నారు, జీతం ఆపేశారు. ఫౌజులో ఉన్నవాడికి ఇది అర్థమవుతుంది. హుకుం లేని పని ఎంత మంచిదైనా, లెక్క అడిగే రోజు ఒకటి వస్తుంది. తప్పు ఆయనదే. అయితే ఆ జీతం మీద ఆధారపడిన జట్టంతా ఎక్కడో మంచు కొండల్లో ఉందన్న ధ్యాస కలకత్తాలో ఎవరికీ ఉన్నట్టు కనపడదు.

అప్పుడే వెనక్కి తిరగాల్సింది. తిరగలేదు. కాశ్మీరులో పది నెలలు. అక్కడా రోగుల గుంపులే. తర్వాత పెషావరు, 1824లో కాబూల్. కుందూజ్‌లో మురాద్ బేగ్ అనే సర్దారు జట్టుని పట్టి, డబ్బు గుంజి, నానా బాధలూ పెట్టాడు. 1825 ఫిబ్రవరి 25న బొఖారా చేరారు. ఇల్లు వదిలి అయిదేళ్ళు దాటింది. తీరా చూస్తే అక్కడ యుద్ధాలు, గుర్రాల సంత పలచబడిపోయింది. కలలు కన్న పెద్ద గుర్రాల మంద దొరకలేదు, కొద్దిపాటి గుర్రాలతో వెనక్కి మళ్ళారు. దారిలో జట్టుని వెనక ఉంచి, ఇంకా కొన్ని గుర్రాలు దొరుకుతాయేమోనని అంద్ఖోయ్ వైపు కొద్దిమందితో వెళ్ళాడు. 1825 ఆగస్టు 27న జ్వరంతో అక్కడే పోయాడు. వయసు యాభై ఎనిమిది.

శవాన్ని ఒంటె మీద బల్ఖ్ తెచ్చి, ఊరి గోడ బయట పూడ్చారు. గుత్రీ, ట్రెబెక్ కూడా కొద్ది నెలల్లోనే జ్వరాలతో చనిపోయారు. ట్రెబెక్‌కి అప్పటికి పాతికేళ్ళు. వెనక్కి వెళ్ళిపోతానని ముందే అనగలిగిన చోట్లు వాడికి ఎన్ని వచ్చి ఉంటాయో. కానీ నాయకుడు ముందుకే నడుస్తుంటే పాతికేళ్ళ కుర్రాడు ఆ మాట ఎలా అంటాడు?

1832లో అలెగ్జాండర్ బర్న్స్ ఆ దారినే వెళుతూ మూర్‌క్రాఫ్ట్ సమాధి చూశాడు. ఆయన అసలు చనిపోలేదనీ, ఇంకా పన్నెండేళ్ళు లాసాలో మారువేషంలో బతికాడనీ తర్వాత ఒక ఫ్రెంచి మతగురువు రాశాడు. చాలామంది దాన్ని నమ్మలేదు, నేనూ నమ్మను. ఆయన రాతల్ని హెచ్.హెచ్. విల్సన్ సరిచేసి 1841లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. పూసాలో గుర్రాల ఫారం తర్వాతి కాలంలో ఎత్తేశారు. ఆ భూమిలోనే 1905లో వ్యవసాయ పరిశోధన సంస్థ వచ్చింది. 1934 భూకంపంలో అది దెబ్బ తింటే ఢిల్లీకి మార్చారు. ఢిల్లీలో పూసా అని బస్సు దిగేవాళ్ళు దిగేది ఆ బీహార్ ఊరి పేరు మీదే.

దొరలు ముగ్గురూ పోయాక కూడా ఆ కష్టాలన్నీ పడి బరేలీ గులాం హైదర్ ఖాన్ ఇల్లు చేరాడు. మురాద్ బేగ్ దగ్గర ఏం జరిగిందో, ఎవరు ఎలా పోయారో ఆయన చెప్పిన వివరం 1830లలో ఒక పత్రికలో వచ్చింది.