ఇంటింటి చిత్రకారుడు రాజా రవివర్మ

పొట్టకూటికై ఏ ఊరు చేరినా తెలుగువారి సామానులో ఒక దేవుని పటం తప్పక ఉంటుంది. ఆ పటాలలోని లక్ష్మికీ, సరస్వతికీ మనమెరిగిన రూపాన్ని కల్పించిన మహనీయుడు రాజా రవివర్మ. ఈ ఉగాదినాడు ఆయనను స్మరించుకొనుట మా విధిగా భావిస్తున్నాము.

రవివర్మ 1848లో తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో జన్మించారు. బాల్యంలో మేనమామ వద్ద చిత్రలేఖనం నేర్చి తిరువనంతపురం కొలువు చేరారు. తైలవర్ణాల మర్మం విప్పి చెప్పే గురువు ఆయనకు దొరకలేదు. 1868లో థియొడోర్ జెన్సన్ దొర అక్కడ చిత్రాలు వేస్తూండగా, ప్రక్కన నిలిచి చూచి, తరువాత స్వయంకృషితో సాధించుకొన్నారు. 1873లో మన చెన్నపట్నం ప్రదర్శనంలో, కొప్పున పూలు ముడుచుకొనే నాయరు వనిత చిత్రానికి ప్రథమ బహుమతి పొందారు.

కాన్వాసు చిత్రాలు రాజులకే అందేవి. సామాన్యుని గోడకు కూడా ఆ శోభ చేరాలని 1894లో బొంబాయిలో ముద్రాలయం స్థాపించారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాతిపలక. ఆ రంగులను కాగితంపై వరుసగా అచ్చువేసి, పైన వార్నీషు పూసేవారు. వీటినే ఓలియోగ్రాఫులంటారు. వ్యాపారం నష్టాలు తెచ్చింది. ముద్రాలయం జర్మను నిపుణుడు ష్లైషర్ చేతికి పోయింది. 1906 అక్టోబరు 2న రవివర్మ కీర్తిశేషులైనారు.

ఇక పటం సంగతి. కాగితం చిరగకుండా కొందరు దానిని గుడ్డపై అంటించి చట్రానికి బిగించేవారు. ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ కాగితంపై తైలవర్ణాలతో వేసిన చిత్తులను కూడా అనంతరం అనేకం కాన్వాసుకు అంటించారు. అయితే అవి చేతితో వేసినవి. మన యింటివి అచ్చువి. కొన్ని అచ్చులకు కాన్వాసు నేత కనబడేటట్లు ఒత్తిడి కూడా వేసేవారు. కనుక వెనుక గుడ్డ ఉన్నంత మాత్రాన అసలు చిత్రమని నమ్మి సొమ్ము పోగొట్టుకోరాదు. భూతద్దంతో చూస్తే అచ్చులో సన్నని రంగు చుక్కలు కనిపిస్తాయి.

జార్జి టౌన్ వంటి సముద్రతీరపు పేటలలో తేమకు కాగితం ఉబ్బుతుంది. పిండి జిగురుకు పురుగు చేరుతుంది. పటాన్ని తడిగుడ్డతో తుడవరాదు. చెమ్మగోడకు ఆనకుండా చట్రం వెనుక రెండు చెక్కముక్కలు ఉంచాలి. అద్దం బొమ్మకు తగలరాదు.

అచ్చుబొమ్మేగదా అని తాతలనాటి పటాన్ని పారవేయకండి. పేదవాని గోడపై కూడా కళ వెలగాలని తన ధనాన్ని ధారపోసిన మహాకళాకారుని కానుక అది. ఆయనకు మా అంజలి.